చిన్నమ్మ పగలగొట్టిన జాడీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక చింతకాయ పచ్చడి జాడీ పగిలింది. మా చిన్నాన్న భార్య, మేం చిన్నమ్మ అని పిలిచే ఆమె, మా ఇంటికి కొత్త కోడలిగా వచ్చి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. జాడీ ఆమె చేయి జారి పడిందని మా బంధువులందరికీ తెలుసు. నలభై ఏళ్ళుగా ఆ సంగతి చెప్పుకొని నవ్వుకుంటున్నారు. కానీ అది నిజం కాదు. నిజం తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆమె ఎన్నడూ నోరు విప్పలేదు. నేను విప్పాల్సింది, విప్పలేదు.

మేం కిషన్‌బాగ్‌లో ఉండేవాళ్ళం. చలికాలం వచ్చిందంటే మా గల్లీ పిల్లలకు పతంగులు తప్ప వేరే లోకం ఉండేది కాదు. ఎదుటివాడి పతంగిని కోయాలంటే దారానికి గాజుపొడి పట్టించి మాంజా చేసుకోవాలి. సోడా సీసా గాజు మందంగా ఉంటుంది, ఎంత దంచినా గరుకు పోదు. మాడిపోయిన ట్యూబ్‌లైటు గాజైతే పలుచన, నాలుగు దెబ్బలకే పిండి అవుతుంది. అందుకని ఎవరింట్లో ట్యూబ్‌లైటు మాడినా మాకు అదృష్టం పట్టినట్టే.

ఒక శనివారం మా ముందుగదిలో ట్యూబ్‌లైటు మాడింది. చెత్తకుండీ దగ్గర పెట్టి రమ్మని నాన్న నా చేతికిచ్చాడు. ఆ మధ్యాహ్నం ఆడవాళ్ళంతా పక్కింటికి వెళ్ళినప్పుడు దాన్ని గోనెసంచిలో చుట్టి పెరట్లో రోటి మీద కొట్టాను. ఠప్పున పేలింది. తెల్లటి పొడి పొగలా లేచి ముక్కులోకి పోయింది. దగ్గుకుంటూనే ముక్కల్ని రోట్లో వేసి దంచాను. పొడిని పాత పాలపొడి డబ్బాలోకి ఎత్తి మిద్దె మీద నీళ్ళ తొట్టి వెనక దాచాను. రోట్లో రెండు చెంబుల నీళ్ళు పోసి చేత్తో తుడిచాను. మా నాయనమ్మ గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెప్పించిన చింతకాయలకు ఉప్పూ పసుపూ వేసి గురువారమే దంచేసింది కాబట్టి ఇక రోటితో ఎవరికీ పని లేదనుకున్నాను. మూడు రోజులు ఊరాక గింజలూ ఈనెలూ తీసి మళ్ళీ దంచుతారని నాకు తట్టనే లేదు.

ఆదివారం పొద్దున దంపుడు చప్పుడుకే మెలకువ వచ్చింది. పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. నాయనమ్మ దంచుతోంది, అమ్మ రోట్లోంచి తీసి గిన్నెకు ఎత్తుతోంది. మూడేళ్ళ మా చెల్లెలు చిన్న పళ్ళెం ఒళ్ళో పెట్టుకొని, ఎప్పుడు పెడతారా అని కూర్చుంది. గాజు పొడి తిన్నవాడికి పేగులు లోపలే తెగుతాయని, పైకి ఏమీ కనబడదని, మా గల్లీలో పెద్ద పిల్లలు చెప్పేవాళ్ళు. రోటి గుంటల్లో పొడి మిగిలిందో లేదో నాకు తెలియదు. తెలియకపోవడమే ఎక్కువ భయంగా ఉంది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కొత్త పచ్చడి జాడీకెత్తి దేవుడి ముందు పెట్టేదాకా ఎవరూ నాలుకకు తాకించకూడదు. ఆ తర్వాత కొంచెం తీసి పోపు పెట్టి, వేడి అన్నంలో అందరికీ మొదటి ముద్ద. అన్నం అప్పటికే ఉడుకుతోంది. చెబితే నాన్న తోలు ఊడేలా కొడతాడు. చెప్పకపోతే చెల్లెలు చచ్చిపోతుంది. ఈ రెండింటి మధ్య అంతసేపు ఎలా నిలబడ్డానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు. గిన్నె ఖాళీ అయ్యేదాకా, జాడీ నిండేదాకా నిలబడ్డాను.

వంటింట్లో చిన్నమ్మ ఒక్కతే పోపుకు వెల్లుల్లి ఒలుస్తోంది. దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. వాళ్ళ నాన్న ఏదో ఫ్యాక్టరీలో కరెంటు పని చేసేవాడు, ట్యూబ్‌లైటు లోపలి పొడి విషమని ఆమెకు తెలుసు. నా మాట వినగానే ఆమె ముఖం తెల్లబోయింది.

"ఎవలన్న నోట్ల పెట్టుకున్నరా?"

"లేదు."

"నిజం చెప్పురా."

"ఒట్టు చిన్నమ్మా. నాన్నకు చెప్పకు. నీ కాళ్ళు మొక్కుత."

చెప్పకు అని అడిగింది నేనే. ఆ తర్వాత జరిగినదంతా ఆ ఒక్క మాట వల్ల జరిగింది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని పెరట్లోకి వెళ్ళింది.

"నేను పెడ్త అత్తమ్మా, మీరు కూసోన్రి."

"పైలం పిల్లా, మస్తు బరువుంటది," అంది నాయనమ్మ.

చిన్నమ్మ జాడీ ఎత్తింది. నాలుగడుగులు వేసింది. వదిలేసింది. బండల మీద అది పగిలిన చప్పుడుకు చెల్లెలు కెవ్వుమంది.

"అయ్యో, ఏం జేస్తివే! ఏడాది తొక్కు మన్నుల కలుపుతివి గద! అన్నం తింటలేవా, చేతులల్ల పట్టు లేదా?" నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. అంతలోనే వంగి చూసి, "పైపైది మంచిగనే ఉన్నది. గిన్నె పట్రాన్రి, తీస్త," అంది.

చిన్నమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. చూసి, చెప్పుల్లేని కాలు ఆ పచ్చడి మధ్యలో వేసింది. పెంకు దిగింది. పసుపు పచ్చని పచ్చడిలోకి ఎర్రగా నెత్తురు పాకింది. నాయనమ్మ గిన్నె పక్కన పెట్టేసింది.

"సక్కదనం! పోనీ, ఎదురింటి మేకలకన్న పెడ్దాం."

"వద్దత్తమ్మా, గొంతుల పెంకులు ఇరుకుతయి," అంది చిన్నమ్మ, కాలు పట్టుకొని.

ఆ మధ్యాహ్నం పప్పుతో తిన్నారు అందరూ. ఆమె కుంటుకుంటూ వడ్డించింది. మాటలు పడుతూనే వడ్డించింది.

సాయంత్రం నన్ను మిద్దె మీదికి పిలిచింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. గాజుపొడి డబ్బాను మూసీ నదిలో పారేసి వస్తానని నేనే అన్నాను.

"మూసీల మనుషులు లేరా? బట్టలుతికేటోళ్ళు లేరా, బర్లు లేవా? నీ కండ్లకు కనబడకుంటె పోయినట్టేనా?"

ముక్కుకు కొంగు కట్టుకొని, పొడి లేవకుండా డబ్బాలో నీళ్ళు చిలకరించింది. నేలమీద రాలినదాన్ని చీపురుతో ఊడవనివ్వలేదు, తడిగుడ్డతో అద్ది ఆ గుడ్డ కూడా డబ్బాలోనే వేసింది. మూత బిగించి పాత చీర పేలికతో ముడి వేసింది. పచ్చడీ పెంకులూ అప్పటికే ఒక పాత నూనె డబ్బాలో మూత పెట్టి ఉన్నాయి. ఆ వారంలోనే రోళ్ళకు గంట్లు పెట్టే మనిషి గల్లీలోకి వస్తే, రోలు నునుపెక్కిందని చెప్పి లోపలంతా చెక్కించింది. ఊక పోసి దంచింది, కడిగింది, మళ్ళీ దంచింది. అప్పటిదాకా ఏదో ఒక వంక పెట్టి రోట్లో ఏమీ నూరనివ్వలేదు.

జాడీ పగిలిన మరునాడు, సోమవారం పొద్దున, చెత్త ఊడ్చే ఆమె బండి తోసుకొని వచ్చింది. చిన్నమ్మ రెండు డబ్బాలూ నా చేత మోయించి, వాటిలో ఏముందో నన్నే చెప్పమంది. చెప్పాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఓహో, పతంగుల దొరవా? మీ గల్లీ పోరగాళ్ళు కుండిల ఏసిన ముక్కలు నా చేతులు మస్తు సార్లు కోసినయి. ఒక్కడన్న చెప్పిండా?" అంది. డబ్బాల్ని మిగతా చెత్తలో కలపకుండా బండి ముందు కొక్కానికి వేలాడదీసుకొని, ఊరి బయట అడవి పక్క గుంతలో పూడుస్తానని చెప్పి వెళ్ళింది. ఆ రోజుల్లో అంతకంటే మంచి చోటు మాకెవరికీ తెలియదు.

తర్వాత మూడేళ్ళు నాయనమ్మ చిన్నమ్మను జాడీ ముట్టనివ్వలేదు. ఇంట్లో ఏది కిందపడినా "మా చిన్న కోడలేనా?" అనేది. నాయనమ్మ పోయింది, ఆమెకు నేను చెప్పలేదు. నాన్నకూ చెప్పలేదు. పోయిన నెల చెల్లెలి ఇంట్లో గృహప్రవేశం. వడ్డించే పిల్ల చేతిలోంచి గిన్నె జారితే, "నీకు మా చిన్నమ్మ గాలి తాకినట్టున్నది," అంది మా చెల్లెలు. అందరూ నవ్వారు. చిన్నమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వే నా చేత ఇది రాయిస్తోంది.

మరునాడు చిన్నమ్మ దగ్గరికి వెళ్ళి, అందరికీ చెప్పేస్తానన్నాను.

"గిప్పుడేం లొల్లి బిడ్డా? నీ ఇష్టం. గప్పుడు నా చెవుల చెప్పినవ్, నాకు గది చాలు. చెప్పకపోయుంటే ఎట్లుండునో అనుకుంటె, నాకు ఇప్పటికీ రాత్రి నిద్ర పట్టది," అంది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. చెప్పకుండా ఉండడానికి నేను ఎంత దగ్గరగా వచ్చానో నాకే తెలుసు. ఇప్పుడు మా ఇంట్లో మాడిన ట్యూబ్‌లైటైనా, ఉబ్బిన ఫోను బ్యాటరీ అయినా, అడుగున మిగిలిన యాసిడ్ సీసా అయినా, పగలకుండా విడిగా కట్టి, సేకరించే చోటికి నేనే తీసుకెళ్తాను. అందుకునే మనిషికి ఇది ఫలానా అని నోటితో చెప్పి చేతికిస్తాను. మా పిల్లలు దాన్ని జాగ్రత్త అనుకుంటారు. అది భయం. ఇంటిల్లిపాదీ తినబోతుంటే, తెలిసి కూడా నోరు మెదపకుండా గుమ్మంలో నిలబడిన ఆ కాసేపటి భయం.