నాలుక చాపిన రాక్షసుడూ, ఉడికిపోయే కారూ

గోవిందప్ప నాయకన్ వీధిలో మిరియాల హోల్‌సేల్ వ్యాపారి భక్తవత్సలానికి ఉన్న సరదా ఒక్కటే: నాన్న వదిలిపోయిన రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు. ఏళ్ల తర్వాత దాన్ని బాగుచేయించి బయటికి తీసిన రోజే, భార్య మంగళ దాని చిన్న మూతికి నాలుక చాపిన రాక్షసుడి దిష్టిబొమ్మ కట్టింది. వీధి చివర దాటకముందే ఇంజను కుతకుతా ఉడికి ఆవిరి కక్కింది.

"ఎవరి కన్నో పడిందండీ," అంటూ మంగళ ఆ బొమ్మ తీసేసి చాటంత బొమ్మ కట్టింది. కారు ఇంకా తొందరగా ఉడికింది.

మెకానిక్ ఆరోగ్యసామి రేడియేటర్ కడిగాడు. థర్మోస్టాట్ మార్చాడు. కొత్త వాటర్ పంపు వేశాడు. విచిత్రం, అతను ఎన్ని రౌండ్లు కొట్టినా వేడి చూపే ముల్లు కదలదు. పని మొదలెట్టేముందు దిష్టిబొమ్మని భక్తిగా విప్పి మేకుకి తగిలించి, కారు అప్పగించేటప్పుడు అంతే భక్తిగా కట్టి పంపేవాడు. ఇంటి దారిలో మళ్లీ ఆవిరి!

"ఏందయ్యా ఇది? నీ కాడ ఆవు మాదిరి ఉంటాది, నా చేతికొస్తే దెయ్యం పడతాది!"

"నాకూ తల తిరగతా ఉంది సార్. దానికి మీరంటే కోపమేమో."

భక్తవత్సలం ఆ మాట నిజమే అనుకున్నాడు. ఎవరూ చూడకుండా బానెట్ నిమిరి, "కోపం తగ్గించుకో తల్లీ" అని బతిమాలాడు కూడా.

బతిమాలడా మరి? మేనల్లుడు కిట్టు పెళ్లి ఊరేగింపు ఈ కారులోనే అని బంధువులందరి ముందూ మాటిచ్చేశాడు. మేళతాళాల మధ్య పెళ్లికొడుక్కి ఆవిరి పట్టిస్తే ఇక ఈ వీధిలో తలెత్తుకోగలడా?

ఊరేగింపు సాయంత్రం ఆరోగ్యసామి నీళ్ల క్యానుతో కారు పక్కన నిలబడ్డాడు. అంతలో మంగళ పరుగున వచ్చింది.

"అయ్యయ్యో, పెళ్లికొడుకు ఫోటోలో ఈ మొహం పడితే ఎట్టండీ?" అని బొమ్మని విప్పి వెనక డిక్కీకి కట్టింది.

నాదస్వరం అందుకుంది. కారు నత్తలా కదిలింది. పక్కసీట్లో కిట్టు నవ్వుతూ చేతులు ఊపుతుంటే, భక్తవత్సలం కళ్లు ముల్లు మీదే ఉన్నాయి. ఇప్పుడు లేస్తుందనుకున్నాడు. లేవలేదు. మలుపు తిరిగాక లేస్తుందనుకున్నాడు. ఊహూఁ. చెమట పట్టింది ఆయనకే.

మండపం ముందు దిగి, ఖాళీగా ఉన్న కారు మూతి చూశాడు. వెనక్కెళ్లి చాటంత రాక్షసుణ్ణి చూశాడు. మళ్లీ ముందుకొచ్చి, రేడియేటర్‌కి గాలి పోయే మూతి సందుల్లో చెయ్యి పెట్టి చూశాడు. తలెత్తితే ఆరోగ్యసామి నోరు తెరుచుకుని అక్కడే ఉన్నాడు, నిండు క్యానుతో.

"చూసినారా?" అంది మంగళ. "వెనకనించి చూసేవాళ్ల దిష్టే అసలు దిష్టి. ఇన్నాళ్లూ ముందర కట్టి తప్పు చేస్తిమి."

భక్తవత్సలం ఏదో చెప్పబోయాడు. బానెట్‌ని బతిమాలిన సంగతి గుర్తొచ్చి ఆగిపోయాడు.

"అవును మంగళా," అన్నాడు. "ఇంక దాన్ని ఆడనే ఉండనీ."