బ్లేడు గాటు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు నడిపే మా ఇంటి నుంచి నా మనవరాలు సౌజన్య రైఫిల్ పోటీలకు వెళ్లేది. తుపాకీ పట్టినప్పుడు ఒళ్లు కదలకుండా వేసుకునే బిగుతు కోటు ఇక్కడ దొరక్క జర్మనీ నుంచి పోస్టులో తెప్పించాం. విదేశీ పార్శిళ్ల తనిఖీలో ఎవరో పెట్టెతోపాటు కోటు వీపునూ బ్లేడుతో చీల్చారు. మరొకటి తెప్పించే వ్యవధి లేదు.

"ఏడుపు ఆపవే. నా కుట్టు ఊడితే అప్పుడు ఏడుద్దువుగాని," అని లోపల గుడ్డముక్క వేసి, గోనెలు కుట్టే దబ్బనంతో గట్టిగా కుట్టాను.

హైదరాబాదులో పోటీకి ముందు కోట్ల మందం కొలిచారు. కొలిచే అతను అతుకు దగ్గర ఆగాడు.

"రూలు కంటే మందంగా ఉందమ్మా. దీంతో ఆడనివ్వం."

"చీల్చింది తనిఖీవాళ్లు బాబూ, మేం కాదు."

"అది మాకు సంబంధం లేదండి."

పిల్ల కోటు లేకుండానే పోటీలో నిలబడింది. తుపాకీ ఊగుతూనే ఉంది. రాష్ట్ర జట్టులో చోటు పోయింది.

తిరుగు బస్సు చిల్లకల్లు దగ్గర మా ఊరి వైపు మలుపు తిరిగాక, సౌజన్య ఒళ్లో కోటు తడుముతూ అంది, "నీ కుట్టు మాత్రం ఊడలేదు నాయనమ్మా."

చీల్చినవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. ఇప్పటికీ మా ఇంటికి పార్శిల్ వస్తే ఎవరినీ బ్లేడు పట్టనివ్వను. ఎంతసేపైనా దాని తాడు ముడి వేళ్లతోనే విప్పుతాను.