మళ్ళ అడిగినోళ్ళకు మళ్ళ చెప్పిన ఆపా

ముందుగాల మాఫ్ చేయుండ్రి. నాకు ఫోన్ల ఇంత పొడుగు టైపు కొట్టరాదు. కాయితం మీద రాసి ఫోటో పెడుతున్న. చేతిరాత వంకర, అక్షరాలల్ల తప్పులుంటయి. మన ఇంగ్లీషు నేర్సుకునే గ్రూపుల సవాల్-జవాబ్ పేజీని, గదే అడిగేది చెప్పేది రాసే పేజీని, ఇన్నేండ్లు సూసుకున్న ఆపా మొన్న శుక్రవారం బోధన్ల పోయింది. నమాజ్ అయినంక కబరస్తాన్‌కు తీస్కపోయిండ్రు. నేను ఎడపల్లి నుంచి చేరేసరికి గల్లీ నిండ జనం. ఎవరికి ఏం చెప్పాల్నో తెల్వక గోడ పక్కన నిలవడ్డ.

కొత్తోళ్ళకు తెల్వకపోవచ్చు. అందరం ఆపా అని, అంటే అక్కా అని, పిలిచే ఆమె సర్కారు బడిల ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. ఆ పేజీల ఎవరన్న సవాల్ రాయొచ్చు, ఎవరన్న జవాబు రాయొచ్చు. పాతయి తీసేసే హక్కు మాత్రం ఆపాకు, నిజామాబాద్ల కోచింగ్ నడిపే సారుకు ఉండె. ఇద్దరు ఒప్పుకుంటెనే ఏదన్న తీసేది.

నేను చెరుకు పండిచ్చెటోన్ని. మందు డబ్బల మీది ఇంగ్లీషు అర్థంగాక ఆ పేజీల అడిగిన. మందు కొట్టినంక చేన్లకు ఎప్పుడు పోవచ్చో గది యాడ రాసుంటదని. ఒకాయన రాసిండు: "ఈ వయసుల ఇంగ్లీషెందుకు కాకా? ఎవలతోని మాట్లాడ్తవ్?" సిగ్గయ్యి ఫోన్ బోర్లేసిన. మళ్ళ సూస్తే కింద ఆపా రాసి ఉంది: "మందు డబ్బతోని మాట్లాడుతడు. నీకేం తక్లీఫ్?" డబ్బ ఫోటో పెట్టమని నాకు చెప్పి, సదవాల్సిన లైను కింద ఎర్ర గీత గీసి పంపింది.

లీవు ఎట్ల అడగాలె అని ఎంతమంది అడిగినా, పైన ఉంది సూసుకో అని ఆమె ఎన్నడు అనలే. "నీ పనేంది? ఎవరిని అడుగుతున్నవ్?" అని ముందుగాల అడిగి తెల్సుకునేది. దుబాయిల డ్రైవరుకు ఒక తీరు, వర్నిల బడి ఆయమ్మకు ఇంకో తీరు రాసేది. "మళ్ళ అడిగిండంటే మనం చెప్పింది ఆయనకు అందలేదన్నట్టు భాయ్" అని నాతోని అన్నది.

ఆపా దవాఖాన్ల పడ్డప్పుడు, తీసేసే తన హక్కు నాకియ్యమని సారుకు చెప్పింది. నేను ఒద్దన్న. "నాకు స్పెల్లింగే రాదు ఆపా."

"అందుకే భాయ్. రానోడు ఒకడన్న కావలి ఉండాలె."

సారు చెడ్డోడు కాదు. పేజీ పొడుగయ్యి పాత ఫోన్లల్ల తెర్సుకుంటలేదు, అది నిజమే. మట్టిచ్చిన తెల్లారే ఫోన్ చేసిండు.

"కాకా, ఒకటే సవాల్ ఎన్నిసార్లుందో సూసిండ్రా? ఒక్కటుంచి తక్కినయన్ని తీసేద్దాం. వచ్చే వారం ఆయితారం పని పెట్టుకుంట. మీరు సరే అంటె చాలు."

"ఆపా ఉంటే…"

"ఆపా లేదు కద కాకా."

ఆలోచిస్త అని పెట్టేసిన. నేను సరే అంటే ఆమె ఒక్కొక్కరిని అడిగి రాసినయన్ని పోతయి. అనకుంటే పేజీ గిట్లనే బరువెక్కి ఎవరికి పనికిరాదు.

నిన్న సిరికొండ నుంచి ఒకామె పేజీల రాసింది. బిడ్డను దవాఖాన్ల షరీక్ చేసుకొని మంచమిచ్చిండ్రట. డాక్టరు ఇంగ్లీషుల చెప్పి పోతుండట. మళ్ళొక్కసారి నిమ్మలంగ చెప్పుమని ఎట్ల అడగాలె అని ఆమె సవాల్. సారు వెంటనే రాసిండు: "ఇది ముందే ఉంది. పైన వెతుక్కోండి." నేను కండ్లద్దాలు పెట్టుకునే లోపలనే ఆ సవాల్ మాయమైంది. ఎవరు రాసింది వాళ్ళు తీసుకోవచ్చు గద, ఆమెనే తీసేసుకుంది.

సారుకు ఫోన్ చేసిన. "నేను సరే అనను సారూ" అన్న.

"మరి పేజీని ఎవరు సక్కవెడ్తరు కాకా? మీరా?"

"గ్రూపోళ్ళను అడుగుత."

గది అడగనీకే ఈ కాయితం. ఏదీ తీసెయ్యకుండ, పని పనికి ఒక పేజీ చేసి విడదీద్దాం. డ్రైవర్లయి డ్రైవర్లు, బడోళ్ళయి బడోళ్ళు సూసుకుంటే సారు కూడ ఒప్పుకుంటనన్నడు. ఆయితారం లోపల మీ పేర్లు చెప్పుండ్రి.

అంతకన్న ముందు ఇంకొక్కటి. సిరికొండామె సవాల్ ఉన్న జాగల నేనే రాసిన: "బిడ్డకెట్లుందమ్మా? డాక్టరు పెద్దాయననా, పడుచోడా?" దాని కింద నాకొచ్చిన ఇంగ్లీషు నాలుగు ముక్కలు పెట్టిన. సరిగున్నయో లేవో తెల్వదు, వచ్చినోళ్ళు దిద్దుండ్రి. డాక్టరు పొద్దుగాల వస్తడు. ఆమె మంచం పక్కన కూసొని, ఒక చెయ్యి బిడ్డ మీద ఏసి, ఇంకో చేతిల ఫోన్ సూస్తుంటది. జల్ది జవాబియ్యుండ్రి.