ఏ మిషనూ చదవని బావుల లెక్క

మొన్న మంగళవారం పొద్దున, మా మేడమ్ పోయారని జహనుమాలోని వాళ్లింటి నుంచి కబురొచ్చింది. పాతబస్తీ ఇళ్ల బావుల్లో ఏ నెలలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో ఏళ్ల తరబడి కొలిచిన మనిషి ఆమె. ఆ పరిశోధనలో నేను ఆమె దగ్గర పనిచేశాను.

కోస్తా నుంచి వచ్చిన కొత్తలో నాకు ఉర్దూ ముక్క రాదు. బహదూర్‌పురాలో గడపగడపకూ ఆమె వెనకాలే తిరిగేవాణ్ని. తాడుకు కట్టిన బరువు నీళ్లను తాకగానే "రాస్కో తమ్మీ" అనేవారు. ఎవరింట్లో చాయ్ ఇచ్చినా వద్దనేవారు కాదు, నన్నూ అననిచ్చేవారు కాదు.

ఆ కొలతలన్నీ అట్ట కార్డుల మీద అంకెకో రంధ్రం చొప్పున కొట్టి దాచేవాళ్లం. తర్వాత ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. అన్నీ కంటికి ఏమీ కనపడని మాగ్నెటిక్ టేపు మీదికి ఎక్కించమన్నారు మా పెద్దసారు. అదీ టేపు ఆదా అయ్యేలా, ఆ ఒక్క మిషన్‌కే అర్థమయ్యే కుదింపు పద్ధతిలో.

"సాదా అంకెలల్ల రాపియ్యండి సార్, ఏ మిషనైనా సదువుతది. రేపు ఈ మిషన్ పోతే ఎట్ల?" అన్నారు మేడమ్.

"ఎక్కడికి పోతుందమ్మా?" అని నవ్వేశారాయన.

కార్డులూ, బావుల దగ్గర రాసుకున్న కాగితాలూ చిత్తు కింద పోయాయి. కొన్నాళ్లకు బేగంబజార్‌లో మేడమ్‌కు మా బావుల కాగితంలోనే లవంగాలు పొట్లం కట్టి ఇచ్చారట. నవ్వుతూనే చెప్పారు గానీ, ఆ పూట అన్నం డబ్బా విప్పలేదు.

పెద్దసారు బదిలీ అయ్యాక ఆమె మాట చెల్లింది. తర్వాతి ఏళ్ల లెక్కలన్నీ సాదా అంకెల్లోనే రాయించారు. ఏ వరుస దేనిదో టేపు మొదట్లోనే వివరంగా పెట్టించారు. "మనల్ని అడుగకుంట సమజ్ కావాలె తమ్మీ. అడగనీకి మనం ఉంటమా?" అనేవారు.

మిషన్ మారింది. ఆ సాదా అంకెల టేపుల్ని ఇప్పటికీ చదువుతున్నాం. మొదటి ఏళ్ల టేపే మూగబోయింది. మళ్లీ కొలవడానికి అప్పటి నీళ్లు లేవు, బోర్లు పడ్డాక సగం బావులు పూడ్చేశారు. పనికిరాదని ఆఫీసు వదిలేసిన ఆ టేపును మేడమ్ ఇంటికి తెచ్చుకున్నారు. అది చదివే మిషన్ ఎక్కడైనా ఉందా అని రిటైరయ్యాక కూడా కనపడ్డవాళ్లనల్లా అడిగేవారు. లేదు.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. కూతురు ఆ టేపు చుట్ట తెచ్చింది.

"అమ్మ దీన్ని తన చీరల నడుమ దాసుకున్నది అన్నా. ఏం రాసింది గిందుల? జర సదివి చెప్తరా?"

ఆ పిల్ల టేపు కొస లాగి, కిటికీ వెలుగుకు పట్టి, అక్షరాల కోసం వెతుకుతూ నిలబడింది.