కొంగల కిటికీ

చాముండేశ్వరి బతుకులో ఇరవై తొమ్మిదేళ్ళు మైక్రోస్కోపు మీద వంగే గడిచిపోయాయి. న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో గాజు పలకల మీద రక్తపు చుక్కలు చూసి, ఏ కణం మంచిదో, ఏది చెడ్డదో తేల్చడం ఆవిడ ఉద్యోగం. కుర్ర డాక్టర్లు ఎటూ తేలక "చాముండి చూసిందా?" అని అడిగి మరీ సంతకం పెట్టేవాళ్ళు. అంత పేరున్న కళ్ళు ఆవిడవి. ఆ కళ్ళు బాగుండగా ఒకే ఒక్క కోరిక కోరింది. అది తీర్చడానికి ఆవిడ మొగుడు నాలుగేళ్ళు రాత్రనకా పగలనకా కష్టపడ్డాడు. ఖర్మ, ఆ కష్టమే కొంప ముంచింది.

ల్యాబ్ గోడకున్న కేలండర్‌లో ఒక ఏడాది మార్చి నెల బొమ్మ ఆవిడని పట్టుకుంది. నెబ్రాస్కాలో ఏదో నది. మోకాలి లోతు నీళ్ళల్లో వేలకు వేలు బూడిదరంగు కొంగలు, ఒక్కోదాని నెత్తి మీదా బొట్టంత ఎరుపు. ఏటా మార్చిలో నాలుగు వారాలు అక్కడ ఆగి, మళ్ళీ ఉత్తరానికి ఎగిరిపోతాయట. చాముండేశ్వరి పుట్టింది కైకలూరులో. చిన్నప్పుడు నాన్న సైకిలు మీద కొల్లేటి గట్టుకు పోయి పిట్టల్ని లెక్కపెట్టిన మనిషి. ఆ కాగితం చించి తెచ్చి పిస్కాటవేలో ఇంటి ఫ్రిజ్‌కి అతికించింది.

"రిటైరయ్యాక నాకు ఇదొక్కటి చూపించండి. ఇంకేం అడగను," అంది మొగుడు లక్ష్మీపతితో.

లక్ష్మీపతి మెకానికల్ ఇంజనీరు. డెబ్బై ఒకటిలో ఈ దేశం వచ్చి, పంపులు తయారుచేసే కంపెనీలో ముప్పై ఎనిమిదేళ్ళు చేసి, రెండువేల తొమ్మిదిలో రిటైరయ్యాడు. ఆ దీపావళికే ముప్పై నాలుగు అడుగుల మోటర్‌హోమ్ ఒకటి తెచ్చి ఇంటి పక్కన నిలబెట్టాడు. మంచం, పొయ్యి, బాత్‌రూమ్ అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి. ఆవిడ దానికి పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆయన వాటిని తొక్కించి, దిగి, "వచ్చే మార్చికి మన కాపురం నీ కొంగల దగ్గరే!" అన్నాడు. నమ్మింది, పిచ్చిది.

మార్చి వచ్చింది. దానితోపాటు ఎడిసన్ నుంచి ఆయన స్నేహితుడు హరనాథ్ కూడా వచ్చాడు. ఆయనకీ అలాంటి బండే ఉంది, దాన్ని కొని అప్పటికే ఐదేళ్ళు.

"కొత్త బండితో స్ట్రెయిట్‌గా నెబ్రాస్కా ఏంటి గురూ? ముందు షేక్‌డౌన్ ట్రిప్ చెయ్యాలి. దగ్గర్లో తిప్పుకొస్తే ఏది ఊడుతుందో, ఏది కారుతుందో తెలుస్తుంది."

పెన్సిల్వేనియాలో ఒక్క రాత్రి ఉండి వచ్చారు. సింకు కింద పైపు కారింది. ఇంకేముంది, అది బాగుచేసేలోపు ఆ ఏటి కొంగలు ఎగిరిపోయాయి.

ఆ అక్టోబరులోనే కంటి డాక్టరు ఆ మాట చెప్పింది. రెండు కళ్ళల్లోనూ రెటీనా నడిమధ్యన అరిగిపోతోంది. మందు లేదు. చుట్టూ అంచులు మిగులుతాయి, మధ్యలో చూపు పోతుంది. "రెండేళ్ళు, మహా అయితే మూడు. చూడాలనుకున్నవి ఇప్పుడే చూసెయ్యండి," అంది. లక్ష్మీపతి ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చుని విన్నాడు. కారు ఇంటి మలుపు తిరుగుతుంటే నోరు తెరిచాడు.

"భయపడకు చాముండీ. బండికి ట్యాంక్ హీటర్లు వేయిస్తా. మార్చిలో అక్కడ నీళ్ళు గడ్డకడితే పైపులు పగిలిపోతాయి."

ఆవిడ ఏడవబోయి ఆగింది. ఏడిస్తే ఇంకో హీటరు వేయిస్తాడేమోనని భయం.

అప్పట్నుంచి శనివారాలన్నీ ఇంటి ముందు సభలే. మడత కుర్చీలేసుకుని లక్ష్మీపతి, హరనాథ్ కూర్చుంటే, మధ్యాహ్నం టీ నుంచి సాయంత్రం పకోడీల దాకా ఒకటే మాట. వాడిన నీళ్ళకి గ్రే ట్యాంకు, బాత్‌రూమ్‌కి బ్లాక్ ట్యాంకు, కరెంటు కనెక్షన్ లేనిచోట బండి ఆపితే బూన్‌డాకింగ్. రెండు ట్యాంకుల లోతు, వాసన, వాల్వు గురించి ఆ పకోడీల మీదే ముచ్చట్లు, రామ రామ!

"చెల్లెమ్మా, నీ వెట్ గ్రైండరు బండిలో తిరగాలంటే మామూలు ఇన్వర్టర్ చాలదు," అన్నాడు హరనాథ్ ఒకనాడు. "ఇంటి కరెంటులా ప్యూర్ సైన్ వేవ్ ఇచ్చేది ఉండాలి. బ్యాటరీలు కూడా అప్‌గ్రేడ్ చెయ్యాలి."

"నాలుగు రోజులు బ్రెడ్డు తింటే చచ్చిపోంలెండి అన్నయ్యగారూ."

ఇద్దరూ పకపకా నవ్వారు. "నీకోసమే కదే ఇదంతా," అన్నాడు లక్ష్మీపతి. ఆ మాటకి ఎవరు ఎదురుచెప్పగలరు? ఏది బిగించినా ఆవిడ పేరు మీదే బిగించాడు. రెండువేల పదకొండు మార్చిలో ఆ ఇన్వర్టర్ కోసం బండి అడుగుభాగమంతా విప్పి పరిచి ఉంది. కొంగలు వచ్చాయి, వెళ్ళాయి.

పన్నెండులో కూతురు త్రివేణి బెంటన్‌విల్ నుంచి ఫోన్ చేసింది.

"అమ్మా, నువ్వు ఫ్లైట్ ఎక్కి నా దగ్గరికి రా. ఇక్కణ్ణుంచి నీ కొంగల దగ్గరికి నేను డ్రైవ్ చేస్తా. సెవెన్ అవర్సే. సండేకి బ్యాక్."

చాముండేశ్వరి గుండె ఒక్కసారి లేచింది. అప్పటికింకా కాస్త చూపుంది. కొంగ నెత్తి మీది ఎరుపు కంటికి దొరుకుతుంది. తలెత్తేసరికి లక్ష్మీపతి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో స్పానర్.

"వెళ్ళు. చక్రాల మీద సొంత ఇల్లు పెట్టుకుని మోటెల్లో పడుకో. నేనిక్కడ ఎవరికోసం చస్తున్నానో నాకే తెలీదు," అన్నాడు. ఆయన గొంతు వణికింది.

ఆ వణుకు చూసి ఆవిడ కరిగిపోయింది. "వద్దులే అమ్మలూ, నాన్న బాధపడతారు," అని ఫోన్ పెట్టేసింది. మొగుణ్ణి ఎన్నిసార్లు తిట్టుకున్నా, ఆ ఒక్క మాటకి మాత్రం తనని తానే తిట్టుకుంటుంది. ఆ మార్చిలో బండి వెనక కారు కట్టుకుపోవడానికి కావలసిన బ్రేకు సామాను రాలేదు. వచ్చేసరికి ఏప్రిల్.

పదమూడులో అన్నిటికన్నా పెద్ద పని పెట్టుకున్నాడు. ఆవిడ సీటు పక్కన బండి గోడ కోయించి, నిలువెత్తు కిటికీ పెట్టించాడు. "వెచ్చగా కూర్చుని నీ కొంగల్ని చూసుకోవచ్చు," అన్నాడు. బండి మార్చి నెలంతా షాపులోనే ఉంది.

అప్పటికి ఆవిడ జీలకర్రనీ సోంపునీ వాసనతో వేరుచేస్తోంది. మొగుడి చెవులూ జుట్టూ కనిపిస్తాయి, మధ్యలో మొహం ఉండాల్సిన చోట మసక. ఫ్రిజ్ మీది కాగితం ఎక్కడుందో చేతికి తెలుసు, అంతే. ఆయన డాక్టరు దగ్గరికి దింపేవాడు, తెచ్చేవాడు, కళ్ళు పొడిబారకుండా చుక్కల మందు టైముకి వేసేవాడు. ఎంత పోయింది అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

రెండువేల పద్నాలుగు మార్చిలో బండి కదిలింది. నాలుగు రోజులు ప్రయాణం. ఏ పైపూ పగల్లేదు, ఏ ట్యాంకూ కారలేదు. లక్ష్మీపతి దారంతా ఈలలు వేశాడు. నది ఒడ్డున క్యాంప్‌గ్రౌండ్‌లో, సూర్యుడు వాలుతుండగా ఆగారు. చాముండేశ్వరి కొత్త కిటికీ పక్కన కూర్చుంది. అంచుల్లో ఏమైనా మిగిలి ఉంటాయేమోనని తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. బూడిదరంగు ఏదో కదిలి మాయమైంది. చప్పుడు మాత్రం అద్దం దాటి వస్తోంది, వేల గొంతులు ఒక్కసారి గుడగుడమంటున్నట్టు.

బయట లక్ష్మీపతి పక్క బండి తెల్లాయనకి కిటికీ చూపిస్తున్నాడు. "డబుల్ పేన్! నో ఫాగ్!" అని అద్దాన్ని వేలితో కొడుతున్నాడు. కాసేపటికి చేతులు రుద్దుకుంటూ లోపలికొచ్చాడు.

"ఎలా ఉంది మన కిటికీ? అద్దం ఉన్నట్టే లేదు కదూ!"

"నాకేం కనిపించడం లేదండీ."

"కర్టెన్ అడ్డమొచ్చిందా?"

"కర్టెన్ కాదు, కళ్ళు. మీ మొహం చూసి ఏడాది దాటింది."

లక్ష్మీపతి సోఫా అంచున కూలబడ్డాడు. "మరి నాకు చెప్పలేదేం?"

"ఏటా మార్చి ముందు చెప్పాను. ఈసారైనా వెళ్దాం అని."

ఆవిడకి ఆ క్షణాన కోపం కూడా లేదు. ఆయన వచ్చి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఎన్ని ఉన్నాయో, ఎలా దిగుతున్నాయో, నెత్తి మీద ఎరుపు ఉందో లేదో చెబితే చాలు. నాలుగు మార్చిలూ మాఫీ చేసేస్తాను అనుకుంది. ఎదురుచూసింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఒక పని చేద్దాం. హరనాథ్ చెప్పాడు, పైన జూమ్ కెమెరా బిగించి టీవీకి కనెక్ట్ చేస్తే ఒక్కో కొంగా ఇంత పెద్దగా కనిపిస్తుందిట. వచ్చే మార్చికల్లా..."

చాముండేశ్వరి లేచింది. గోడ తడుముకుంటూ పోయి తలుపు గడియ పట్టుకుంది. ఆ బండిలో ఆయన మార్చనిది అదొక్కటే. మూడు మెట్లూ దిగి, చలిలో, చప్పుడు వచ్చేవైపు నడవసాగింది.

"ఆగు చాముండీ, మెట్ల లైటు వేస్తా! కొత్తది, సెన్సర్ ఉంది!" అని వెనక నుంచి అరుస్తున్నాడు లక్ష్మీపతి.

ఆవిడ ఆగలేదు.