రోహిణి కార్తెలో తాండూరు వాన

ఫోన్‌లో చక్రం రెండు గిరికీలు ఎక్కువ కొడితే చాలు, మా ఇంట్లో పిల్లలు "నెట్టు స్లో ఉంది" అని విసుక్కుంటారు. నాకు నవ్వొస్తుంది. ఆ రోజుల్లో, అంటే డెబ్బైల మొదట్లో, మాకూ ఒక నెట్టు ఉండేది. ఈ కొసన వికారాబాద్‌లో నేను, ఆ కొసన తాండూరులో నేనెన్నడూ చూడని ఒక పెద్దాయన, మధ్యలో కంబాల మీదుగా ఒక తీగ. (ఆఫీసు పేరు చెప్పను. పెన్షను ఇంకా అక్కడి నుంచే వస్తోంది.) నేను ఇక్కడ మీట నొక్కితే అక్కడ డబ్బా టకటకలాడేది. ఆ చప్పుడులో పొట్టి చుక్కేదో పొడుగు గీతేదో విని ఆయన అక్షరాలు రాసుకునేవాడు. అదీ తంతి అంటే. ట్రైనింగులో నా వేగం చూసి ఎవరో భేష్ అన్నారు. ఆ ఒక్క మాట నా తలకెక్కి కూర్చుంది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఏడాది చూసి పనికొస్తేనే ఉంచుతారు. అందుకని బయట వరండాలో కూర్చున్నవాళ్ళకు కూడా వినపడేలా దబదబా కొట్టేవాణ్ణి.

చిక్కల్లా తాండూరుతోనే. హైదరాబాద్ లైను మా పెద్దసారు చూసుకునేవారు, నాకు అప్పగించింది తాండూరు ఒక్కటే. రెండు మాటలు కొట్టానో లేదో అటునుంచి "మళ్ళీ" అని వచ్చేది. మళ్ళీ కొడితే మళ్ళీ "మళ్ళీ". ఆయనకు నేను మళ్ళీసాబ్ అని పేరు పెట్టి ఆఫీసంతా చాటాను. పది మాటల తంతి చేరడానికి ఒక్కోసారి గంటా రెండు గంటలు పట్టేది. చివరికి ఒక నాపరాళ్ళ వ్యాపారి "వస్తున్నా, స్టేషనుకు బండి పంపండి" అని ఇంటికి తంతి ఇచ్చి పాసింజరెక్కాడు. తాండూరులో దిగితే బండి లేదు, ఎండలో నడిచిపోయాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా తంతి జవాను వచ్చాడట. తాను వస్తున్నానన్న కబురు తానే సంతకం పెట్టి అందుకుని, తానే చదువుకుని, ఆ కోపంలోనే పైకి ఫిర్యాదు రాశాడు.

ఇన్‌స్పెక్టరు సారు నన్ను పిలిచి, "వచ్చే గురువారం తాండూరు పోతున్న. ఆలోపల కారణం కనిపెట్టి రాసియ్యి. అది చూసినంకనే నీ పర్మనెంటు సంగతి" అన్నారు.

ఇక చూడండి నా హడావిడి. లైన్‌మన్ ఒకతను ఉండేవాడు, కుల్కచర్ల దిక్కు గొర్లకాపరుల ఇంటివాడు. కంబాలెక్కడంలో దిట్ట కాబట్టి అందరూ కంబాలయ్య అనేవాళ్ళు. ఆయన్ను వెంటేసుకుని సైకిళ్ళ మీద అనంతగిరి ఘాట్ దగ్గర తీగకు తగిలే కొమ్మలన్నీ కొట్టించాను. ఎవరో తెంపుకున్న గాలిపటాల దారాలు లాగించాను. కంబాల మీద తీగను పట్టి ఉంచే పింగాణీ గిన్నెలను నా సొంత తువ్వాలుతో తుడిపించాను. మూడో రోజు ధారూరు దగ్గర ఆయన కంబం మీదినుంచే అడిగాడు.

"సారూ, ఆడికెల్లి వచ్చేటివి మంచిగనే వస్తున్నయంటివి. ఈడికెల్లి పోయేటివే ఆగుతున్నయంటివి. తీగ గదే గద?"

"నీకు తెల్వదు, కరెంటు సంగతి వేరే ఉంటది" అన్నాను. (నాకూ తెలియదు.)

"గట్లనే గానీ సారూ. కొట్టుమంటె కొడ్త. చెట్టుకైతే నోరు లేదు" అని ఇంకో కొమ్మ మీద గొడ్డలి వేశాడు.

లైనులో లోపం లేదని తేలింది. ఇక మిగిలింది మళ్ళీసాబ్ చెవులే. ఆయన రిటైరు కావడానికి రెండేళ్ళే ఉన్నాయి, తొందరపడకు అని పెద్దసారు చెప్పినా వినలేదు. "తాండూరు ఆపరేటరుకు చెవుడు, ఈ పనికి తగడు" అని నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఒలకబోసి రిపోర్టు రాసి, సారుకు అక్కడే ఇద్దామని జేబులో పెట్టుకుని, గురువారం పొద్దున తాండూరు బండెక్కాను. రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ.

మళ్ళీసాబ్ బక్కపలచటి మనిషి, తెల్లటి టోపీ, ఇస్త్రీ నలగని చొక్కా. "వికారాబాద్ బేటా! ఆవో, ఆవో. ఎండల వొచ్చినవ్, ముందుగాల నీళ్ళు తాగు" అని కూజాలోంచి వంచి ఇచ్చి, ఛాయ్ తెప్పించాడు. నీళ్ళు తాగుతూనే నా పరీక్ష మొదలుపెట్టాను. ఆయన అటు తిరిగి కాగితాలు సర్దుతుంటే, వెనక నిలబడి నాకే వినపడనంత మెల్లగా "చాచా, మీ ఛాయ్ సల్లారుతున్నది" అన్నాను.

ఆయన తిరగనైనా తిరగలేదు. "సల్లారనీ బేటా, వేడిది నాకు పడది."

ఇంతలో డబ్బా మోగింది. వికారాబాద్ నుంచి పెద్దసారు కొడుతున్నారు. చాచా నన్ను మా ఊరూ మా అమ్మానాన్నల క్షేమమూ అడుగుతూనే, ఒక్క "మళ్ళీ" లేకుండా మొత్తం రాసేశాడు. తీగ మంచిదే, డబ్బా మంచిదే, చెవులు పాము చెవులు.

"మరి నేను కొడితే ఎందుకు ఆగుతున్నది చాచా?"

ఆయన "జర గిది విను" అని, లైను కలపకుండా మీట మీద ఏదో కొట్టాడు. చుక్కల మీద చుక్కలు పడ్డాయి, గీతలు మధ్యలోనే తెగిపోయాయి. ఒక్క అక్షరం అర్థమైతే ఒట్టు.

"ఎవరిది చాచా గీ చెయ్యి? రాళ్ళ బాట మీద బర్రెలు ఉరికినట్టున్నది!"

"నీదే బేటా" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఇన్‌స్పెక్టరు సారు జీపు దిగి నేరుగా తాండూరు ఆఫీసు డైరీ తెరిచారు. "మళ్ళీ" అన్న ప్రతిసారీ కారణం అందులో రాయాలని మా రూలు. పంపేవాడి తప్పయితే తప్పని రాయాలి. నేను ఆయన భుజం మీదుగా చూశాను. నా తంతులన్నిటికీ ఎదురుగా చాచా చేతిరాతలో ఒకటే మాట: వాన, లైను బలహీనం. నిన్న వాన, మొన్న వాన.

"రోహిణి కార్తెల మీ తాండూరుకొక్కదానికే వానలా?" అన్నారు సారు, చెమట తుడుచుకుంటూ.

"కర్ణాటక పక్కకే ఉన్నది గద సాబ్. మబ్బులు గట్ల వస్తుంటయి" అన్నాడు చాచా, కనురెప్ప వాల్చకుండా.

అప్పుడు పడిన సిగ్గు నేను మళ్ళీ ఎన్నడూ పడలేదు. ఆయన అన్నం మీద కొట్టే కాగితం నా జేబులో ఉంది. నా అన్నం నిలబెట్టే వాన ఆయన డైరీలో ఉంది. "వాన లేదు సార్. నా చెయ్యే బాగలేదు" అనేశాను. సారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నా పర్మనెంటు ఆరు నెలలు వెనక్కి జరిపి, దినాం మధ్యాహ్నం చాచా దగ్గర తీగ మీదనే చెయ్యి దిద్దుకొమ్మని చెప్పి జీపెక్కారు.

ఆయన పోగానే చాచా విరుచుకుపడ్డాడు. "అరే, ఇంత కష్టపడి వాన గురిపిస్తుంటె, ఒక్క మాటతోని ఎండగొడ్తివి గదరా!" తర్వాత చల్లబడి, "కొత్త చేతికి, కొత్త చెప్పుకు తేడా లేదు. కరుస్తది, తర్వాత సాఫయితది. ఫికర్ జెయ్యకు. నువ్వు రెండు మాటలు తక్వ గొట్టు, నేను నాలుగు మాటలు ఎక్వ రాస్త" అన్నాడు.

అలాగే అయింది. నేను నెమ్మదించిన కొద్దీ తాండూరు దగ్గరైంది. ఆరు నెలలకు పర్మనెంటయ్యాను. జేబులోని రిపోర్టు సంగతి మాత్రం చాచాకు చెప్పలేదు. ఎన్నోసార్లు మీట మీద చెయ్యి పెట్టి తీసేశాను.

ఇప్పటికీ నెట్టు ఆగినప్పుడల్లా "తాండూరుల వాన పడుతున్నట్టుంది" అంటాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ముసలాయనకు చాదస్తం అనుకుంటారు కాబోలు, అనుకోనీ. వేగంగా కొడితేనే మొనగాడిననుకున్న ఆ కుర్రాడి కంటే ఈ ముసలాయనే నాకు నయం.

చాచా రిటైరైన రోజు సాయంత్రం, ఆఫీసు మూసే ముందు, డబ్బా ఒకసారి మోగింది. ఎవరి పేరూ లేదు. రెండే మాటలు, ముత్యాల్లా వచ్చాయి: "వాన వెలిసింది."

నాకు స్పష్టంగానే వినపడింది. అయినా ఉద్యోగంలో మొదటిసారిగా నేను మీట మీద చెయ్యి పెట్టి "మళ్ళీ" అని కొట్టాను.