కాలి వేలికి గాలం

దేవకుమార్ కళ్లు మూసుకుని ప్రార్థిస్తే అమెరికాలోని మిసిసిపీ నదిలో వాల్‌ఐ అనే చేపలు వాటంతటవే గాలానికి తగులుకుంటాయని ఆ నది ఒడ్డు ఊళ్లోని తెలుగు చర్చిలో చెప్పుకునేవారు. 1983 జూన్‌లో బాప్తిస్మం విందుకి చేపలు తెస్తానని ఆయన మాట ఇచ్చాడు. ఇంట్లో భార్య లూసీ మసాలా నూరేసింది. ఇక్కడ నది ఒడ్డున సాయంత్రం దాకా ఒక్కటీ పడలేదు. ఆయన అలవాటుగా బూట్లు విప్పి, గాలం దారాన్ని కాలి బొటనవేలికి చుట్టుకుని, చెట్టుకు ఆనుకుని కళ్లు మూశాడు. విందు సంగతి కనుక్కోవడానికి వచ్చిన పాస్టర్ చప్పుడు చేయకుండా పక్కన మోకరించాడు. పొద్దు వాలుతుండగా దారం వేలిని లాగింది. దేవకుమార్ కెవ్వుమని లేచాడు. మూరెడు చేప! దాని వెనకే మరో ఆరు పడ్డాయి.

"ఏ కీర్తన చదివారు బ్రదర్?"

"కీర్తనేంటండీ పాస్టర్‌గారూ, అది గురక. కష్టపడిందంతా నా బొటనవేలు."

వారానికి ఆరు రాత్రులు ఆస్పత్రిలో డ్యూటీ చేసే ఆయనకు కంటినిండా నిద్ర దొరికేది ఆ ఒడ్డునే.